లాగ్‌లో మిగిలిన పేరు

“ముప్పై రెండు పేర్లు. అందరూ మన రహస్య ఏజెంట్లే. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆ లిస్టు విదేశీ ముఠాకి వెళ్ళిపోతుంది. ఆపాలి,” అన్నాడు చీఫ్.

ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ అక్క అనే పిలుస్తారు. ప్రతి మిషన్‌కీ ముందు చెడే ఊహించడం ఆమెకు అలవాటు. ఈసారి కారణం కూడా ఉంది. ఆ లిస్టు అమ్ముతున్న ఇక్కడి ముఠా ఆఫీసులో నాలుగేళ్ళుగా వాళ్ళ మనిషిలా నటిస్తున్న డబుల్ ఏజెంట్ ఆమె సొంత చెల్లెలు.

“లిస్టు షేర్డ్ ఫోల్డర్‌లో ఉంది. ఒక్కటే కాపీ. వాళ్ళ సర్వర్‌లో మన చేతికి చిక్కింది హాజరు వేసే వెబ్ పేజీ మాత్రమే. రూట్ అధికారం, అంటే సర్వర్ మీద పూర్తి పెత్తనం, లేదు. ఫోల్డర్‌ని సర్వర్‌కి తగిలించుకుని నేరుగా తెరవలేం.”

“తగిలించక్కర్లేదు సార్. ఎవరిదైనా పేరూ పాస్‌వర్డూ ఇస్తే ఆ పేజీయే వెళ్ళి ఫోల్డర్ తెరుస్తుంది. కాకపోతే తెరిచినవాళ్ళ పేరు లాగ్‌లో పడుతుంది. అది తుడవాలంటే మాత్రం రూట్ ఉండాలి.”

“పడనీ. మీ చెల్లి మేనేజర్ పాస్‌వర్డ్ కొట్టేసింది. పడేది వాడి పేరే.”

“వాడు మార్చేస్తే?”

“నీకన్నీ అపశకునాలే.”

పన్నెండూ నలభై. లావుపాటి కళ్ళద్దాలు, మెడలో దొంగ ఐడీ కార్డుతో అక్క కంప్యూటర్ రిపేరుకి వచ్చినదానిలా ఆ ఆఫీసులో అడుగుపెట్టింది. రిసెప్షన్‌లోకి హైహీల్స్ టకటకలాడిస్తూ చెల్లి వచ్చింది. అక్కడున్నవాళ్ళంతా ఆమె ఎర్రటి లిప్‌స్టిక్ చూశారు. అక్క మాత్రం ఎంత చిక్కిపోయిందో చూసింది.

“హాజరు పేజీ మళ్ళీ అలిగిందటగా?”

“బుజ్జగించేవాళ్ళు లేక.”

కోడ్ కలిసింది.

చెల్లి తీసుకెళ్ళిన కంప్యూటర్ గదిలో, కళ్ళద్దాల కాడలో దాచిన పెన్‌డ్రైవ్ నుంచి నలభై లైన్ల ప్రోగ్రాం హాజరు పేజీలోకి ఎక్కింది. అక్క మేనేజర్ పేరు, పాస్‌వర్డ్ కొట్టింది. తప్పు. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పు. పన్నెండూ యాభై ఆరు.

“పొద్దున్నే మార్చినట్టున్నాడు. జరుగు.” చెల్లి కీబోర్డు లాక్కుని తన సొంత పేరూ పాస్‌వర్డూ కొట్టింది.

అక్క ఆ చెయ్యి పట్టుకుంది. “వద్దే. లాగ్‌లో ఉండిపోతుందే నీ పేరు.”

“ముప్పై రెండు మంది. వాళ్ళకీ అక్కలుంటారు. వదులు.”

“అయితే ఇద్దరం కలిసే వెళ్దాం.”

“నేనూ బయల్దేరానంటే అనుమానపడి గేటు మూస్తారు. లంచ్‌లో మేనేజర్‌తో నవ్వుతూ కూర్చుంటే నువ్వు బయటపడతావు. అలా చూడకు. నా కాటుక కారిందంటే ఇద్దరం దొరుకుతాం.”

ఫోల్డర్ తెరుచుకుంది. అక్క లిస్టు చెరిపేసి, దాని స్థానంలో హాజరు పేజీలో కనబడ్డ మేనేజర్ పాత సెలవు అర్జీ పెట్టింది. ఒంటిగంట కొట్టింది. విదేశీ ముఠాకి, ఆయనగారికి మూడు రోజులుగా కడుపునొప్పి అన్న సమాచారం చేరింది.

గేటు దాటేదాకా ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే కాళ్ళు కదలవని తెలుసు.

నాలుగో రోజు మార్చురీలో చెల్లిని గుర్తుపట్టింది. ఫారంలో బంధుత్వం అని ఉన్నచోట ‘ఏమీ లేదు’ అని రాయాల్సి వచ్చింది.

చీఫ్ రిపోర్టులో కూడా నష్టం అన్నచోట అదే మాట ఉంది.

“ఒకటి అని రాయండి సార్.”

“రికార్డుల్లో ఆమె మన మనిషి కాదమ్మా. ఇంట్లో ఫారిన్ ట్రాన్స్‌ఫర్ అయిందని చెప్పు.”

“మా అమ్మకి ఏం చెప్పినా ముందు నా మొహం చూస్తుంది సార్. ఈ మొహానికి సరిపోయే మారువేషం ఉంటే ఇప్పించండి.”