బ్రేక్ ఆయిల్‌లో నానిన విమానం

హూడి మెయిన్ రోడ్డులో రామాంజినప్ప స్కూటర్ల షెడ్డు ఉంది. ముందువైపు స్పేర్ పార్టుల కౌంటర్ చూసుకునేది ఆయన కూతురు చైత్ర. 2004లో వానలు మొదలైన వారం, శనివారం కూడా మెడలో ఆఫీసు ఐడీ కార్డు వేలాడేసుకున్న ఒకతను వచ్చి బ్రేక్ ఆయిల్ డబ్బా అడిగాడు. ఏ బండికని అడిగింది చైత్ర. బండి లేదన్నాడు. ఆమె అతన్నొకసారి, అతని గొడుగునొకసారి చూసి డబ్బా ఇచ్చేసింది.

మరుసటి శనివారం మళ్ళీ వచ్చాడు. ఆ పై శనివారమూ వచ్చాడు. పేరు లలిత్ అని చైత్ర కార్డు మీద చదువుకుంది. నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుందని కూడా గమనించింది గానీ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

రామాంజినప్ప మాత్రం తేల్చేశాడు. "ఆ ఆయిల్ తాగతా ఉండాడు పాపా. కంప్యూటర్ల ముందర కూర్చోని కూర్చోని అట్లయిపోతారంట."

నాలుగో శనివారం చైత్ర డబ్బా బయటికి తియ్యలేదు.

"బండి లేనోళ్ళకి బ్రేక్ ఆయిల్ ఎందుకు సార్? నిజం చెప్తేనే ఇస్తా."

"విమానానికండి."

చైత్రకు ఒళ్ళు మండింది. విమానముంటే ఎయిర్‌పోర్టులోనే కొనుక్కోమని, అటు తిరిగి నట్లు ఏరుతూ కూర్చుంది. లలిత్ కంగారులో గొడుగు మరిచిపోయి వానలోనే రూముకు పరుగెత్తాడు. అరగంటకు నిలువునా తడిసి, చొక్కా కింద దాచుకున్న బూట్ల పెట్టెతో తిరిగొచ్చాడు.

పెట్టెలో ఉన్నవి బొమ్మ విమానం ముక్కలు. రెండు ప్లాస్టిక్ రెక్కలు, ఒక తోక, గోరంత చక్రాలు. రంగు సరిగ్గా కుదరకపోతే ముక్కల్ని బ్రేక్ ఆయిల్‌లో ఒక రోజు నానేస్తానని, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే రంగంతా పొరలుగా ఊడొస్తుందని, ప్లాస్టిక్‌కు ఏమీ కాదని, ఆఖర్న సబ్బునీళ్ళతో కడిగితే చాలని చెప్పాడు. గ్లౌజులు వేసుకుంటానని కూడా చెప్పాడు, ఎవరూ అడక్కపోయినా.

అనవసరంగా అనుమానించానని చైత్రకు సిగ్గేసింది. ఆ సిగ్గులోనే, రోజంతా నానెయ్యడం దేనికి, మా షెడ్డులో ఇంతకన్నా గట్టి సరుకుందంటూ ఒక రెక్క తీసుకెళ్ళి రంగులు పలచన చేసే థిన్నర్ మగ్గులో పడేసింది. లలిత్ వద్దు అనేలోపే అయిపోయింది.

రంగు పోయింది. రెక్కా పోయింది. పట్టకారుతో బయటికి తీస్తే నమిలిన చూయింగ్ గమ్‌లా సాగింది.

చైత్ర కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకోటి ఎక్కడ దొరుకుతుందో చెబితే తెచ్చిస్తానంది. ఫరవాలేదని లలిత్ ఎంత చెప్పినా వినక, పోలిక కోసం రెండో రెక్క చేతిలోకి తీసుకుంది. చిన్నప్పట్నుంచి పెట్రోల్ ట్యాంకులకు రంగు కొట్టడం చూసిన కళ్ళవి. రంగు ఒక్క చుక్క కారలేదు, ఒక్క గీత లేదు.

"రంగు బాగానే ఉండాది కదా. ఎందుకు తీసేస్తా ఉండారు?"

లలిత్ నేల చూపులు చూశాడు.

"రెండోసారికే బాగా కుదిరిందండి. కానీ రంగు తియ్యకపోతే ఆయిల్ అక్కర్లేదు. ఆయిల్ అక్కర్లేకపోతే మీ దగ్గరికి రావడానికి నాకు వంక లేదు."

తననింత ఏడిపించినందుకు చైత్రకు ముందు కోపమొచ్చింది. ఆ వెనకే నవ్వొచ్చింది. రెండూ కనబడకుండా మొహం తిప్పుకుని, "ఆ మాట ముందే చెప్పుంటే రెక్క మిగిలేది" అంది.

స్కూటర్ కింద పడుకుని అంతా విన్న రామాంజినప్ప చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆయన కరిగిన రెక్కను కాసేపు సాగదీసి చూశాడు. తర్వాత స్టూలు లాగి లలిత్‌ను కూర్చోమన్నాడు.

"ఏ ఊరప్పా మీది?"

రాజమండ్రి అన్నాడు లలిత్.

"దూరమే. మీ నాయన ఫోన్ నంబరు రాయి. నేను మాట్లాడల్ల."

లలిత్ పెన్ను తీసుకుని నాలుగంకెలు రాశాడు. ఐదోది గుర్తు రాక చెమటలు పట్టాయి. టీ తెస్తానని లేచిన చైత్ర రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"నిదానంగా రాయి" అంది మెల్లగా. "తొందరేం లేదు, నేనేడికీ పోను."