పలుకుపెట్టె చల్లబడితే

పలుకుపెట్టె మీద వేడి అంకె ఎనభై ఎనిమిది చూపిస్తోంది. శౌరమ్మ వంటింట్లోంచి చెంబెడు నీళ్ళు తెచ్చి, పెట్టె వెనక వేలాడదీసిన వట్టివేళ్ళ తడక మీద చిలకరించింది. ఫ్యాన్ గాలి తడకలోంచి చల్లగా వీచి పెట్టెలోకి దూరింది. అంకె మెల్లగా దిగడం మొదలుపెట్టింది. తొంభై దాటితే లోపలి ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు ఆమె భర్త జోజిరెడ్డి మాట మధ్యలో నిలిచిపోతుంది. రెంటచింతల ఎండల్లో అది జరగకుండా చూడడమే ఏడాదిగా ఆమె పని.

"ఇప్పుడు హాయిగా ఉంది శౌరీ. నీ చేతి చలవ," అంది పెట్టె, అచ్చం జోజిరెడ్డి గొంతుతో.

మంచం మీద జోజిరెడ్డి కళ్ళు మూసుకుని ఉన్నాడు. పక్షవాతంతో కుడి పక్కా, మాటా ఒకేసారి పడిపోయాయి. మనిషి ఏం పలకబోతున్నాడో మెడకు కట్టిన గొంతుపట్టీ కనిపెట్టి పెట్టెకు అందిస్తుంది. మిగతాది పెట్టె ఊహించి పలుకుతుంది. మొదట్లో ఇలాంటి రోగుల కోసమే దాన్ని తయారుచేశారు. ఇప్పుడు ఊళ్ళో పట్టీ లేని మెడ అరుదు, పెట్టె లేని బల్ల అరుదు. బడిలో పిల్లలు, కొట్లో శెట్టిగారు, పంచాయతీలో పెద్దలు, అందరూ రెండు ముక్కలు గొణిగి ఊరుకుంటారు. వాక్యం పెట్టె పూర్తిచేస్తుంది. ఇంకా నోరు తెరిచి మాట్లాడే శౌరమ్మలాంటివాళ్ళను పనీపాటా లేనివాళ్ళ కింద జమకడుతున్నారు.

శౌరమ్మకు ఆ పెట్టె మీద ఇంకో రకం మమకారం. ఇన్నేళ్ళ కాపురంలో జోజిరెడ్డి కూర బాగుందని అన్న పాపాన పోలేదు. ఏదైనా అడిగితే మీసం సవరించుకుని, ఎటో చూసి, ఆమె విసిగి లేచిపోయే వేళకు జవాబు చెప్పే మనిషి. అలాంటివాడు ఈ ఏడాదంతా ఆమెను నోరారా పేరు పెట్టి పిలిచాడు. గోంగూర బాగా కుదిరిందన్నాడు. మళ్ళీ పుట్టినా నిన్నే చేసుకుంటానన్నాడు. జబ్బు మనిషిని మెత్తబరిచిందనుకుని ఆమె లోలోపల మురిసిపోయింది. అలా మురిసిపోయినందుకు సిగ్గుపడింది కూడా.

అందుకే పెట్టె వేగాన్ని పెంచే, దించే శక్తిమీటను ఎప్పుడూ 'నిండు' దగ్గరే ఉంచేది. ఇరుగుపొరుగు వేసవిలో దాన్ని 'సగం'కి దించి సర్దుకునేవారు. శౌరమ్మ సర్దుకోలేదు. పెట్టె చలువరెక్కల్లో దుమ్ము దులిపేది, ప్రాసెసర్ వేడిని లాగే లేపనం ఎండకముందే మార్పించేది, తడక ఆరనిచ్చేది కాదు.

ఆ మధ్యాహ్నం గుంటూరు నుంచి డాక్టర్ వకుళ ఫోన్ తెర మీదకు వచ్చింది.

"జోజిరెడ్డి గారూ, గొంతు నరానికి ఆపరేషన్ చేసే వంతు మీకొచ్చింది. మీ సొంత మాట తిరిగొచ్చే అవకాశం ఉంది. ప్రమాదం కూడా లేకపోలేదు. చేయించుకోవడం మీకు..."

"వద్దండీ. నాకిట్టానే బాగుంది. శౌరి నన్ను బాగా చూసుకుంటంది," అంది పెట్టె.

డాక్టరు అడగడం ఇంకా పూర్తి కానేలేదు. జోజిరెడ్డి కళ్ళు తెరిచాడు. ఎడమ చెయ్యి దుప్పటిని గుప్పిట పట్టి లాగింది.

"సరేనండీ. మీ గొంతుతో మీరే చెప్పారు కాబట్టి దీన్నే ఖాయం చేస్తున్నాను. ఈ వంతు వేరేవాళ్ళకి ఇస్తాం," అని డాక్టరు సెలవు తీసుకుంది.

భర్త కంటి చివర తడి శౌరమ్మ కంటపడింది. పెట్టెలు బాగుచేసే ఇన్నయ్యకు ఫోన్ చేసింది.

"ఇన్నయ్యా, అవతల మనిషి అడగటం అవకముందే ఇది జవాబెట్టా చెప్పుద్దయ్యా?"

"అదేగా పిన్నీ గొప్ప. వేడెక్కిన పెట్టె గొంతు కదిలేదాకా ఆగుద్ది. మీట దించినా అంతే. మీది నిండు శక్తి మీద మంచులాగ ఉంటంది. దానికి మనిషి కోసం ఆగాల్సిన పనేముంది? ముందే అల్లి చెప్పేసుద్ది. ఈ ఎండల్లో ఇంత చల్లగా ఉంచేవాళ్ళు ఉంటారని చేసినోళ్ళు కూడా అనుకోలా."

"ఆయన కాదనాలనుకుంటే?"

"ఆ గొంతు కదిలేలోపు మాట అయిపోద్ది గదా. కొన్నాళ్ళకి కదిలించటమే మానేస్తారు పిన్నీ. మనందరం అంతేగా."

శౌరమ్మ మీటను అట్టడుగుకు దించింది. ఆమె మంచం పక్కన కూర్చుని భర్త చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు చెప్పయ్యా. ఆపరేషన్ వద్దన్నది నువ్వేనా?"

జోజిరెడ్డి గొంతు వణికింది. మెడ నరాలు ఉబ్బాయి, నుదుటి నిండా చెమట పట్టింది. మాట రాలేదు. ఏడాదిగా వాడని గొంతు, దారి మరిచిపోయింది. శౌరమ్మ ఈసారి విసుక్కోలేదు, లేచిపోలేదు. ఎండ వాకిట్లోంచి గోడ మీదకు పాకింది. అప్పటికి పెట్టె, అతని గొంతు ఎంత కదిలితే అంతే, ఒక్కో అక్షరం పలికింది.

"నే... ను... కా... దు."

ఆమె పరుగున వెళ్ళి ఆసుపత్రికి ఫోన్ చేసింది. వంతు వేరేవాళ్ళకి వెళ్ళిపోయిందన్నారు. సొంత గొంతుతో కాదన్నవాళ్ళను మళ్ళీ తీసుకోవడం కుదరదన్నారు. అది చెప్పింది కూడా ఎవరి పెట్టో, ఎక్కడా తడుముకోలేదు.

శౌరమ్మ తిరిగొచ్చి మంచం పట్టె మీద కూలబడింది. అడగకూడదనుకుంటూనే అడిగింది.

"మరి గోంగూర బాగుందన్నది? మళ్ళీ పుట్టినా నన్నే చేసుకుంటానన్నది? అయ్యన్నా నువ్వన్నవేనా?"

జోజిరెడ్డి ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత చూపు దూలం మీదకు తిప్పుకున్నాడు.

ఆమె కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది. ఆపరేషన్ పోయినందుకు ఏడవాలి, మొగుడి గొంతు తన చేతులతోనే నొక్కేసినందుకు ఏడవాలి. ఆమె ముందు ఏడ్చింది మాత్రం ఆ నాలుగు మంచి మాటల కోసమే. అది తెలిసి ఇంకా ఏడుపొచ్చింది.

మంచం కిర్రుమంది. జోజిరెడ్డి ఒళ్ళు ఈడ్చుకుంటూ ఎడమ చేతిని బల్ల దాకా చాచాడు. వేళ్ళతో మీటను తడిమి, బలమంతా పెట్టి 'నిండు' దాకా నెట్టాడు.

"ఏడవబాక శౌరీ. అయ్యన్నీ నేనన్నవే," అంది పెట్టె వెంటనే.

శౌరమ్మ కొంగు తీసి అతని గొంతు మీద చెయ్యి వేసి చూసింది. అది కదలడం లేదు. అతని చెయ్యి మాత్రం మీటను వదల్లేదు.