నొక్కని ముల్లు

ఇది చిన్న కథ. టీ చల్లారేలోపు అయిపోతుంది. కాకపోతే ముందు మీసం సంగతి చెప్పాలి. ఊరందరి మీసాలూ కత్తిరించే సెలూనాయన తన మీసాన్ని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వడు. దానికి వేరే నూనె, వేరే దువ్వెన, ఒక చిన్న అద్దం. వాళ్లావిడకి సొంత అద్దం లేదు, అది వేరే గొడవ.

అలాంటి మీసాన్ని బావమరిదితో పందెం కాశాడు.

ఊరి చివర ఉప్పునీటి చెరువుంది. అందులో చేపలు తెచ్చి వదులుతారు. టికెట్ కొని, సన్నటి కర్రతో, వెంట్రుకంత దారానికి ఒక కొక్కెం, ఎరగా వేలెడంత రబ్బరు చేప కట్టి, చెరువులో చేపని ఒకదాన్ని పట్టి మళ్లీ నీళ్లలోనే వదిలెయ్యాలి. కూరకి కాదు, సరదాకి. చేపని ముట్టుకునేముందు చెయ్యి తడుపుకోవాలి. నోరు చిరగకుండా తగిలిన చేప జారిపోకుండా కొక్కెం మొనకి వెనక్కి తిరిగుండే ఎదురుముల్లుని పటకారుతో నొక్కెయ్యాలి.

కాపలా తాత బతికున్నన్నాళ్లూ ప్రతి కొక్కేన్నీ తన తువ్వాలు మీద గీసి చూసేవాడు. పోగు లేచిందంటే ముల్లు ఉన్నట్టే. "దీన్ని నీ నోట్లో పెట్టుకుంటావా?" అని అడిగేవాడు, కోపమేమీ లేకుండా. మొన్న వానల్లో ఆ గట్టు మీదే పోయాడు. తువ్వాలు కూడా ఆయనతోనే చితి మీదికి పంపేశారు. ఇప్పుడు గేటు దగ్గర ఆయన కోడలు కూర్చుంటుంది. ఎవరేం చెప్పినా నమ్ముతుంది.

ఆ చెరువులో ఒక ముసలి పండుగప్ప చేప ఉంది. పేరు పెద్దాయన. సెలూనాయన గాలానికి తగిలినప్పుడల్లా తల విదిలించి పోయేది.

"నీ వల్ల కాదు బావా, ఒప్పేసుకో."

"ఆదివారం చీకటి పడేలోపు పట్టి ఫోటో చూపిస్తాన్రా. లేకపోతే ఈ మీసం నువ్వే గీసెయ్."

ఆదివారం సాయంత్రం గేటు దగ్గర కోడలు అడిగింది. "ముల్లు నొక్కారా అన్నయ్యా?"

"నొక్కానమ్మా."

నొక్కలేదు.

అవతలి మూల ఎవరూ లేరు. చేపలకి గాలి ఆడ్డానికి నీళ్లు చిలికే చక్రాలు ఆపేశారు. బురద వాసన, ఉప్పు వాసన, వాటి మధ్య ఆరని గుడ్డ వాసన. వెలుతురు తగ్గుతోంది. దారం ఒక్కసారి బిగిసింది. బరువైన చేప. కర్ర విల్లులా వంగింది. సెలూనాయన దారం మెల్లగా చుట్టాడు. ఇంకొంచెం... ఇంకొంచెం...

దారం తేలికైపోయింది.

పైకి లాగి చూశాడు. రబ్బరు చేప లేదు, కొక్కెం లేదు. చివర తెల్లటి నూలుపోగు ఒకటి వేలాడుతోంది.

అప్పుడు వెనకనుంచి ఒక చెయ్యి దవడ కిందకొచ్చింది. చల్లగా ఉంది. తడిపి ఉంది. చేపని పట్టుకున్నట్టే, నొప్పి తెలియకుండా పట్టుకుంది.

"నొక్కావా?" చెవి దగ్గర చిన్నగా.

పరువున్న మనిషి కదా. అప్పుడూ అదే చెప్పాడు.

"నొక్కాను..."

పెదవి మీద చీమ కుట్టినట్టయింది. చెయ్యి వదిలేసింది. కర్ర అక్కడే పారేసి ఇంటిదాకా పరిగెత్తాడు. దారిలో ఎదురైనవాళ్లు ఆయనకి కడుపులో బాగాలేదనుకున్నారు.

మర్నాడు పొద్దున బావమరిది నవ్వుకుంటూ సెలూన్‌కొచ్చాడు. బావని ఆయన కుర్చీలోనే కూర్చోబెట్టి, మెడకి గుడ్డ చుట్టి, నురగ రాశాడు. ఒకవైపు గీశాడు. కత్తి ఆగింది.

"బావా... ఇదేంటి?"

పై పెదవిలో కొక్కెం. రబ్బరు చేప లేదు, కొక్కెం మాత్రం సెలూనాయనదే. చుట్టూ చర్మం ఎన్నేళ్ల క్రితమో మానినట్టుంది. దానికి వెంట్రుకంత దారం... కుర్చీ మీంచి, గడప మీంచి, రోడ్డు మీదకి. సైకిళ్లు దాని మీంచే పోతున్నాయి. ఎవరికీ తగలట్లేదు.

బావమరిది కొక్కెం పట్టి మెల్లగా లాగాడు.

"రావట్లేదు బావా. ముల్లుంది."

కత్తితో దారం కోశాడు. తెగలేదు. కాసేపు వదులుగా పడి ఉంది. తర్వాత బిగిసింది.

సెలూనాయన మెడకి గుడ్డతోనే లేచాడు. తల ముందుకు చాచి, చెరువు వైపు నడిచాడు. దారం పట్టి ఆపబోయిన బావమరిది అరచేతులు ఇప్పటికీ మానలేదు.

సెలూన్ ఇప్పుడు బావమరిదే నడుపుతున్నాడు. మీసాలు మాత్రం గీయడు. సెలూనాయన కోసం చెరువంతా వలేసి వెతికారు, దొరికింది పండుగప్ప పెద్దాయనే.

వలేసిన రోజు సాయంత్రం కోడలు గేటు మూస్తుంటే, గట్టు మీద తాత తువ్వాలు ఆరేసి కనిపించింది. ఇంకా తడిగానే ఉంది. మధ్యలో ఒక పోగు లేచి ఉంది.