టైమాఫీసు కిటికీలో సగం మాట

ఇస్నాపూర్ దాటాక, మూతబడిన మందుల కంపెనీ ఒకటుంది. దాని గేటు పక్కన, పనివాళ్ళకి హాజరు వేసే టైమాఫీసు గది. పొద్దుగూకాక ఆ గది కిటికీ దగ్గర ఎవరూ నిలబడరు. బీడీ ముట్టించుకోవడానికి కూడా నిలబడరు. షేర్ ఆటోవాళ్ళు, ఎంత మంచి బేరం తగిలినా, ఆ గోడ దాటాకే బండి ఆపుతారు.

ఎందుకంటే — ఆ కిటికీ మాట్లాడుతుందట.

గదికి తాళం వేసే ఉంటుంది. లోపల మనిషి ఉండడు. మాట మాత్రం ఉంటుంది...

అలాంటి చోట వేసవి కథల బడి పెట్టారంటే దానికి కారణం ఉంది. కంపెనీ వెనకాల, శిక్షణకి వచ్చేవాళ్ళ కోసం ఎప్పుడో కట్టిన హాస్టలు ఖాళీగా పడి ఉంది. ఓనరు కిరాయి వద్దన్నాడు. కిరాయి లేని చోట దయ్యం ఉన్నా సర్దుకుపోవచ్చని శివరామకృష్ణ గారు అన్నారు. ఆయన ప్రభుత్వ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన సర్దుకుపోనిది ఈ భూమ్మీద లేదు.

ఆయనకి తోడు ఇంకో ఇద్దరు. ఒకరు రేఖ, జోగిపేట అమ్మాయి, సర్కారు బడిలో టీచరు. రెండో ఆవిడ శేషారత్నమ్మ. అక్కడే తిని, అక్కడే పడుకుని కథలు రాసేది బడికి వచ్చినవాళ్ళు. పరుపులు దులిపేది, నీళ్ళ ట్యాంకరు కోసం ఫోన్లు చేసేది, ఉప్మా చాలకపోతే మేం ముందే తినేశామని అబద్ధం చెప్పేది ఈ ముగ్గురు. ఎవరికీ జీతం లేదు. జీతం ఉంటే ఇంత పని చేసేవాళ్ళు కాదేమో.

శేషారత్నమ్మ గోదావరి పక్కనుంచి పెళ్ళయి ఇక్కడి క్వార్టర్స్‌కి వచ్చి నలభై ఏళ్ళు దాటింది. బడిలో చదివింది కొద్ది, ఇంట్లో చదివింది బండెడు. కథల బడి తాళాల గుత్తి ఆవిడ నడుముకే వేలాడుతుంది — హాస్టలువీ, వంటింటివీ, టైమాఫీసుదీ. రాత్రి గేటుకి తాళం వేసే పనీ ఆవిడదే. వాచ్‌మన్ మొగులయ్య ఉన్నాడుగానీ, చీకటి పడితే అటు వెళ్ళడు. "పొద్దంత నేనుంటనమ్మా. రాత్రి గా గదిని అదే కాసుకుంటది" అనేవాడు.

ఆవిడకి దయ్యమంటే భయం లేదు. ఆవిడ భయం వేరు.

మొదటి రోజు పొద్దున, గేటు దగ్గర పిల్లలకి ఎదురెళ్ళి, మీకు కథ రాకపోయినా పర్లేదు, ఆకలి వస్తే చాలంది. అందరూ పగలబడి నవ్వారు. సాయంత్రం పరిచయాల సభలో మైకు పుచ్చుకుని మళ్ళీ అదే మాట చెప్పింది, అప్పుడే తోచినట్టు. అందరూ మళ్ళీ నవ్వారు. కానీ ఆ రెండో నవ్వు మర్యాద నవ్వు. వెళ్ళి కూర్చున్నాకగానీ ఆవిడకి వెలగలేదు.

మర్నాడు శివరామకృష్ణ గారు టీ గ్లాసు చేతికిస్తూ చాలా మెత్తగా అన్నారు.

"వచ్చే ఏడు మీరు అతిథిగా రండి రత్నం గారూ. ముందు వరసలో కుర్చీ వేయిస్తాం."

ఆ కుర్చీ ఎలాంటిదో ఆవిడకి తెలుసు. శాలువా కప్పి, కూర్చోబెట్టి, తాళాల గుత్తి తీసేసుకునే కుర్చీ.

ఈ మధ్య పేర్లు జారిపోతున్నాయి. మాట మొదలుపెడితే మిగతా సగం ఎటు పోతోందో తెలియడం లేదు. ఇంట్లో ఎవరికీ తెలియనివ్వలేదు. ఇక్కడా తెలియనివ్వకూడదనుకుంది. ఇంకొక్క పొరపాటు బయటపడితే ఆ కుర్చీ ఖాయం.

ఆ రాత్రే...

అన్నాలయ్యాయి. గాలి ఫ్యాక్టరీల మీంచి వీస్తోంది. ఎవరో పెద్ద మందు సీసా మూత తీసి మర్చిపోయినట్టు వాసన. శేషారత్నమ్మ గేటుకి తాళం వేసి, లాగి చూసి, వెనక్కి తిరిగింది.

"వచ్చాను..."

అడుగు ఆగిపోయింది.

ఆడగొంతు. టైమాఫీసు వైపునుంచే. ఎవర్నో బతిమాలుతున్నట్టుంది.

"వచ్చాను సార్... వచ్చాను..."

రోడ్డు మీద నైట్ షిఫ్టు వాళ్ళని తీసుకెళ్తూ కంపెనీ బస్సొకటి పోయింది. దాని చప్పుడు సద్దుమణిగాక — ఇంకో మాట. లోగొంతుకలో. కాస్త విసుగ్గా.

"వచ్చిన..."

వచ్చిన — ఏమిటి? వచ్చిన మనిషా? వచ్చిన బస్సా? మిగతా మాట కోసం శేషారత్నమ్మ చెవి అటు పెట్టి నిలబడింది. నిలబడింది... నిలబడింది... రాలేదు.

చీకట్లో మనిషికి పుట్టినూరి భాషే వినిపిస్తుంది. పొద్దున్నే కూరగాయల బండివాడు "అమ్మా, వచ్చిన" అని కేకేస్తే ఇన్నేళ్ళుగా గిన్నె పట్టుకుని బయటికొచ్చిన మనిషే. అయినా ఆ మాట అక్కడితో పూర్తయిపోయిందని ఆ క్షణాన తట్టలేదు. మిగతా సగం తన చెవిలోంచే జారిపోయిందనుకుంది.

భయం వేసింది. దయ్యానికి కాదు. మతిమరుపు నోటితో ఊరుకోలేదు, చెవులకీ పట్టుకుందని.

ఎవరికీ చెప్పలేదు.

మర్నాటి రాత్రీ అంతే. వచ్చాను... వచ్చాను సార్... ఆ తర్వాత కాసేపు ఏమీ లేదు... ఆపైన, లోగొంతుకలో, వచ్చిన. ఆవిడ మిగతా సగం కోసం ఎదురుచూసి, ఎదురుచూసి, ఇక రాదని వెళ్ళి పడుకుంది. నిద్ర కూడా రాలేదు.

తెల్లారాక గోరుచిక్కుడు తుంచుతూ, ఏమీ ఎరగనట్టు మొగులయ్యని కదిపింది. ఆ టైమాఫీసు గోల ఏమిటోయ్ అని.

అతను చేటలోంచి చెయ్యి తీసేశాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పుకొచ్చాడు. కంపెనీ నడిచే రోజుల్లో నర్సింహమ్మ అని ఒకామె డ్రమ్ములు కడిగే పనికి వచ్చేదట. ఒకనాడు ఆటో చెడిపోయి ఆలస్యమైంది. హాజరు వేసే గుమాస్తా అప్పటికే కిటికీ రెక్క దించేశాడు. ఆమె రెక్క మీద కొట్టి కొట్టి, వచ్చానని చెప్పి చెప్పి, ఆయన పలక్కపోతే పనిలోకి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నమే లోపల డ్రమ్ము పేలింది. పోయినవాళ్ళ పేర్లు చదివితే అందులో ఆమె పేరు లేదు. హాజరు పడలేదు కదా... ఆ రోజు ఆమె పనికే రాలేదన్నారు.

"'వచ్చిన సారూ, వచ్చిన' అంటదమ్మా. గంతే. ఇంకేమనదు."

"వచ్చాను అనదా?" అనేసింది శేషారత్నమ్మ. అనేశాక నాలిక కరుచుకుంది.

పక్కన కొత్తిమీర ఏరుతున్న రేఖ పకపకా నవ్వింది.

"మా దిక్కు మనిషి వచ్చాను అంటదా అమ్మా? గట్లన్నదంటే అది మీ దిక్కు దయ్యం. బదిలీ మీద వచ్చినట్టుంది."

మొగులయ్య నవ్వలేదు. "మీకు ఇనబడ్డదా అమ్మా?" అన్నాడు.

లేదంది. ఊరికే అడిగానంది. కానీ ఆవిడకి ఒక సంగతి తేలింది. సగం మాట సగం కాదు, నిండు మాటే. జారిపోయిందేమీ లేదు. అయితే ఆ "వచ్చాను" ఎవరిది? ఎవరైనా అన్నారా, తన తలకాయలోనే పుట్టిందా? తన బుర్ర సంగతి ఇవాళ తేలిపోవాలి, ఏదైతే అదయింది అనుకుంది.

ఆ రాత్రి పెందలాడే గేటుకి తాళం వేసింది. తాళాల గుత్తి గలగలమనకుండా పిడికిట్లో బిగించింది. టార్చి ఆర్పేసింది. గోడ తడుముకుంటూ, ఒక్కో అడుగే వేస్తూ...

టైమాఫీసు మలుపు దగ్గర ఆగింది.

ఉంది. ఎవరో ఉన్నారు. కిటికీ ఊచలు పట్టుకుని — తెల్లగా. జుట్టు విరబోసుకుని.

"వచ్చాను సార్..."

టార్చి నొక్కింది.

నిషిత. గుంటూరు నుంచి కథల బడికి వచ్చిన పిల్ల. తలంటుకుని, తెల్ల నైటీ వేసుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ వచ్చి నిలబడింది. వెలుగు మొహం మీద పడేసరికి ఆ పిల్ల అక్కడే చతికిలబడిపోయింది. ఇద్దరిలో దయ్యం ఎవరో తేలడానికి కాస్త సమయం పట్టింది.

సంగతి చాలా చిన్నది. పాత్ర ఏ మాట ఎక్కడ అంటుందో, అక్కడికే వెళ్ళి పైకి అని చూసుకోమని రేఖ క్లాసులో చెప్పింది. మొగులయ్య మొదటి రోజే నర్సింహమ్మ సంగతి ఈ పిల్లకి చెప్పాడు. ఈ పిల్ల ఆమె మీద కథ మొదలుపెట్టింది. అంతా కుదిరింది, ఆ ఒక్క మాట కుదరలేదు. కథ చదవాల్సింది మర్నాడే. అందుకని రోజూ అన్నం తిన్నాక వచ్చి కిటికీతో మొరపెట్టుకుంటోంది.

శేషారత్నమ్మకి గుండె మీంచి బండ దించినట్టయింది. పిల్లని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకొచ్చి టీ పెట్టింది. శివరామకృష్ణ గారు, రేఖ, మొగులయ్య కూడా చేరారు. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా ఆవిడ ఇప్పుడు బాహాటంగా చెప్పేసింది. రెండు రాత్రులు తను కూడా అక్కడే నిలబడి విన్నానని, సగం మాట కోసం కాచుకు కూర్చున్నానని. అందరూ నవ్వారు. ఈసారిది మర్యాద నవ్వు కాదు.

నిషిత గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, సిగ్గుపడుతూ అంది.

"మీరు దిద్దకపోతే నా కథ అక్కడే ఆగిపోయేది అమ్మమ్మగారూ."

"నేనేం దిద్దానే?"

"నేను వచ్చాను, వచ్చాను అంటుంటే మీరు లోపల్నుంచి వచ్చిన, వచ్చిన అని సరిచేసేవారుగా. తాళం మీ దగ్గరే కదా ఉండేది. రేపు థాంక్స్ చెబుదామనుకున్నాను."

పొయ్యి మీద పాలు పొంగి మంట మీద చుయ్యిమన్నాయి.

శివరామకృష్ణ గారు మంట తగ్గించారు. తగ్గించి, ఆవిడ వైపు చూశారు. ఆ చూపులో శేషారత్నమ్మకి ముందు వరస కుర్చీ కనిపించింది, దాని మీద మడతపెట్టిన శాలువాతో సహా.

"మీరే అయ్యుంటారు లెండి. వెళ్ళి ఉంటారు. ఒక్కోసారి గుర్తుండదు..."

తను విన్నదా? అన్నదా? గుర్తుచేసుకోబోయింది. గేటు తాళం... బస్సు చప్పుడు... ఆ తర్వాత లోగొంతుకలో మాట. అది తన చెవిన పడిందా, తన నోటెంట వచ్చిందా? తాళం తీసుకుని లోపలికి వెళ్ళి, కూర్చుని, పిల్లకి పాఠం చెప్పి, అంతా మర్చిపోయి వెళ్ళి పడుకుందా? ఎంత తవ్వినా చీకటే. కళ్ళు చెమ్మగిల్లాయి. చెయ్యి తాళాల గుత్తి మీదికి పోయింది. విప్పి ఇచ్చేద్దామనే అనుకుంది.

"ఆగుండ్రి జెర," అంది రేఖ. "అమ్మా, మీరొక్కసారి అనుండ్రి."

"ఏమనాలి?"

"వచ్చిన."

శేషారత్నమ్మ గొంతు సవరించుకుంది. "వచ్చిన... ను."

"'ను' వద్దమ్మా."

"వచ్చిన... దాన్ని."

"'దాన్ని' కూడ వద్దు. వచ్చిన. గంతే, ఆపెయ్యాలె."

ఆపడమే ఆవిడ వల్ల కాలేదు. ఆ మాట దగ్గర ఆగితే గడపలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడ్డట్టుంది ఆవిడకి. ఇంకోసారి ప్రయత్నిస్తే "వచ్చినా?" అని దీర్ఘం వచ్చి ప్రశ్నయి కూర్చుంది. చివరికి, "వచ్చాను తల్లీ, వచ్చాను" అని చేతులెత్తేసింది.

మొగులయ్యకి నవ్వి నవ్వి దగ్గొచ్చింది. శివరామకృష్ణ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఈ నోట ఆ మాట ఏడు జన్మలకీ పలకదని, తను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని ఒప్పుకున్నారు. దిద్దింది ఈవిడ కాదు. కానే కాదు.

నవ్వు ఇంకా సాగుతూనే ఉంది...

మొదట ఆపింది నిషిత.

తర్వాత శివరామకృష్ణ గారు. ఆయన మెల్లగా రేఖ వైపు తిరిగారు. ఆ మాట అంత చక్కగా పలికే ఆడమనిషి అక్కడ ఆమె ఒక్కతే.

రేఖ తల అడ్డంగా ఊపింది. "నేను రోజూ గా టైముల హాస్టల్ల కథలు దిద్దుకుంట కూసుంట సార్," అంది, గుసగుసగా. "అందరూ సూసిన్రు."

మొగులయ్య పీట జరుపుకుని పొయ్యి దగ్గరికి వచ్చాడు. వంటింటి కిటికీ తెరిచే ఉంది. మూయడానికి ఎవరూ లేవలేదు. అటు చూడనూ లేదు.

"అయితే నేను కాదన్నమాట," అంది శేషారత్నమ్మ.



"ఆవిడే. నర్సింహమ్మే," అంది మళ్ళీ. ముఖం వెన్నెల పడ్డట్టు వెలిగిపోతోంది.

గుత్తి నడుముకి సర్దుకుని లేచి, అందరికీ ఇంకో విడత టీ పోసింది. గ్లాసు చాచిన ప్రతి చెయ్యీ వణికింది. పోసిన చెయ్యి వణకలేదు.