ధర పెరగని నెల

పన్నెండేళ్లుగా బేకరీ పెద్దాయన మనసులో ఒకటే సందేహం. పిండి కలిపేటప్పుడూ, నమాజులో నుదురు నేలకు ఆనించినప్పుడూ అదే ముందుకొచ్చి కూర్చునేది. ఆ రోజు తన కొడుకు వీధిలోకి నడిచింది దేశం కోసమా, తండ్రిని కాపాడుకోవడం కోసమా? దేవుణ్ణి చాలాసార్లు అడిగాడు. మనుషుల్ని అడగడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

ఈ ఉదయం కూడా మొదటి వాయి రొట్టెలు దించి, వెనక గుమ్మం గుండా ఇంట్లోకి వచ్చాడు. ముందు బేకరీ, వెనక ఇల్లు, మధ్యలో ఒక్క గోడ. శీతాకాలంలో ఆ గోడకి వీపు ఆనించి కూర్చుంటే వెచ్చగా ఉంటుంది. వంటగది బల్ల నిండా కూతురు కాగితాలు పరుచుకుని ఉంది. టీ కప్పు పెట్టడానికి చోటు లేక తల్లి దాన్ని కిటికీ గట్టు మీద పెట్టింది.

"నీ విప్లవాల్ని కాస్త పక్కకి జరిపితే మీ నాన్న ఇంత తిని పనికి పోతాడు," అంది తల్లి.

"జరపలేనమ్మా. పది రోజుల్లో థీసిస్ ఇవ్వాలి. నిన్న గైడు నాలుగో అధ్యాయం తిప్పి పంపాడు." కూతురి కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

ముస్లిం దేశాల్లో విప్లవాలు ఎందుకొస్తాయన్నది ఆ అమ్మాయి పరిశోధన. ఐదేళ్లుగా అదే తిండి, అదే నిద్ర. తండ్రికి చదువు అంతంత మాత్రమే అయినా కూతురు చెప్తుంటే వినడం ఇష్టం.

"ఏం తప్పుందట?" అన్నాడు, స్టూలు లాక్కుని.

"మొదటి మూడు అధ్యాయాల్లో తప్పేం లేదు నాన్నా. అవి పెద్దవాళ్ల సిద్ధాంతాలు. చదువుకుని పని దొరకని కుర్రాళ్లు ఎక్కువైతే తిరగబడతారంటాడు ఒకాయన. కాదు, కాస్త బాగుపడుతూ వచ్చి ఒక్కసారిగా కిందపడితేనే కోపమొస్తుందంటాడు ఇంకొకాయన. పార్టీలూ సంఘాలూ మూసేస్తే నలుగురు కలవడానికి మసీదు ఒక్కటే మిగుల్తుంది, అందుకే కదలిక అక్కణ్ణుంచి మొదలవుతుందని మూడో ఆయన. జనం ఎంత లేచినా సిపాయి తుపాకీ దించకపోతే అది విప్లవం కాదు, ఉత్త చావులేనని నాలుగో ఆయన."

"మతం వల్లే అనేవాళ్లు లేరా?"

"బోలెడు మంది. ఎక్కువగా దూరం నుంచి చూసి రాసినవాళ్లు."

తండ్రి తల ఊపాడు. "శుక్రవారం నమాజులో నా పక్కన నిలబడ్డవాళ్లు మోకాళ్ల నొప్పి తగ్గాలనే దువా చేసేవాళ్లు. ప్రభుత్వం పడిపోవాలని అడిగినవాణ్ణి నేను చూళ్లేదు."

"మనసులో అడిగితే మీకు వినిపిస్తుందా ఏమిటి?" అంది తల్లి.

కూతురు నవ్వబోయి ఆగిపోయింది. "నాలుగో అధ్యాయం మన వీధి గురించి. పన్నెండేళ్ల కింద ఇక్కడ జనం ఎందుకు లేచారని నలభై మందిని అడిగాను. మంగలి, మంత్రసాని, దర్జీ తాత, అందరూ. నలభై మందీ ఒకటే మాట. రొట్టె ధర పెరిగింది, తట్టుకోలేకపోయాం అని. అదే రాశాను. నిన్న గైడు పాత సర్కారు ధరల పట్టిక నా ముందు పడేశాడు. ఆ నెల ధర పైసా పెరగలేదు. అంతకు ముందు రెండేళ్లూ పెరగలేదు. 'నలభై మంది ఒకే అబద్ధం చెప్పరు. నువ్వే ఇంట్లో కూర్చుని రాసుకున్నావా?' అన్నాడు."

తండ్రి చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది.

"ఎంత వెర్రిదాన్నో చూడు నాన్నా. వీధంతా తిరిగాను గానీ రొట్టెలమ్మిన మనిషిని అడగలేదు. సొంత ఇల్లు కదా, నాకన్నీ తెలుసనుకున్నాను. చెప్పు. ధర పెరిగిందా?"

"పెరిగింది," అంది తల్లి, అతను నోరు తెరవకముందే. "రాసుకో. పెరిగింది."

"అమ్మా, నేను అడిగింది నాన్నని."

"ఎవరు చెప్తే ఏమిటి? మీ అన్న పేరున వీధి చివర బోర్డు పెట్టారు. దాని కింద నుంచే రోజూ నీళ్లు మోసుకొస్తున్నాను. నాకు మిగిలింది అదొక్కటే. వాణ్ణి మళ్లీ తవ్వి తీసి నీ పట్టాకి అతికించుకుంటావా?"

కూతురు లేచి నిలబడింది. కాగితాలు కొన్ని జారి కిందపడ్డాయి. ఎవరూ తీయలేదు.

"నీకు కొడుకైతే నాకు అన్న కాదా? అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఎందుకు చచ్చిపోయాడని అడిగితే, దేశం కోసం అన్నారు. అయిదు దేశాల్లో చచ్చిన వాళ్లకి కారణాలు వెతికాను నేను. మన ఇంట్లో చావుకి మాత్రం ఎవరో చెప్పిన అబద్ధం రాసుకున్నాను. పట్టా పోతే పోనీ. అన్నయ్య ఎందుకు వెళ్లాడో నాకు తెలియాలి."

"ఏమండీ, చెప్పకండి," అంది తల్లి.

"ధర పెరగలేదు," అన్నాడు తండ్రి. "రొట్టె తగ్గింది."

తర్వాత అతను నేల వైపే చూస్తూ మాట్లాడాడు.

"సర్కారు గోదాము నుంచి బస్తాలు తక్కువ రావడం మొదలైంది. సగం పిండి పైవాళ్లే అమ్ముకునేవాళ్లు. ధర పెంచితే నాకు జైలు. కొట్టు మూస్తే లైసెన్సు పోతుంది. అందుకని ముద్దకి కాస్త గిల్లడం మొదలుపెట్టాను. మొదట ఇరవై గ్రాములు, తర్వాత యాభై. ముద్దలు తూచేది మీ అన్నయ్యే. 'ఇది దొంగతనం నాన్నా' అన్నాడు. 'ఇది మన కూడు' అన్నాను. నెల రోజులు నాతో మాట్లాడలేదు. అయినా నేను చెప్పినట్టే తూచాడు.

"ఆ రోజు దర్జీ తన రొట్టెని పక్కన కూరల కొట్టు కాటాలో వేశాడు. వరసలో వందమంది ఉన్నారు. అందరూ చూశారు. 'మిగతాది రేపిస్తాలే' అన్నాను. నవ్వుతూ అన్నాను తల్లీ. ఆ నవ్వుకే జనం మండిపడ్డారు. ఎవరో తలుపు మీద తన్నారు. అప్పుడు మీ అన్నయ్య పిండి చేతులతోనే బయటికొచ్చాడు. 'మా నాన్నని కాదు, మాకు బస్తాలు తగ్గించిన వాళ్లని అడుగుదాం పదండి. నేను ముందు నడుస్తాను' అన్నాడు. అందరూ వాడి వెనక గోదాముకి వెళ్లారు." చేతిలోని రొట్టె ముక్కని బల్ల అంచున పెట్టాడు. "నీ నాలుగో ఆయన చెప్పింది నిజమే. అక్కడ సిపాయి తుపాకీ దించలేదు."

గోడ అవతల పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

"గోదాము వాళ్ల మీద కోపంతో వెళ్లాడో, ఆ జనాన్ని నా మీద నుంచి తప్పించడానికి వెళ్లాడో, నాకు తెలియదు."

కూతురు కింద కూర్చుని కాగితాలు ఏరడం మొదలుపెట్టింది. ఒక్కో దాని మీదా ఒక్కో పేరు. అడిగిన రోజు మంగలి కత్తి నూరుతూ, తల ఎత్తకుండా ధర అన్నాడు. మంత్రసాని ఈ అమ్మాయి చెంప నిమిరి ధర అంది.

"వీళ్లంతా ఆ వరసలో ఉన్నారా?"

"ఉన్నారు."

"అందరికీ తెలుసు." ఏరిన కాగితాల్ని ఒళ్లో పెట్టుకుంది. "నా ముఖం చూసి చెప్పలేకపోయారు."

తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "వాణ్ణి ఇంటికి మోసుకొచ్చిన రోజే మంత్రసాని నాతో అంది. 'కొడుకుని ఇచ్చిన మనిషిని ఇంకేం అడుగుతాం తల్లీ, ఈ మాట వీధి దాటదు' అని. ఇన్నేళ్లూ దాటలేదు."

"ఏ సిద్ధాంతంలోనూ ఇది లేదు నాన్నా," అంది కూతురు.

"రాయి."

"నీ పేరు మారుస్తాను."

"మార్చకు. నా మూలంగా నలభై మంది అబద్ధమాడారు. రేపు దేవుడి ముందు ఆ మాటకి జవాబు చెప్పవలసింది వాళ్లా, నేనా? నాకంత తెలియదు. కానీ వాళ్లని అక్కడ నిలబెట్టడం నాకిష్టం లేదు."

తల్లి ముఖం తుడుచుకుంది. కూతురి పక్కనే నేల మీద కూర్చుని, ఒక ఖాళీ కాగితం తీసి ఆమె చేతిలో పెట్టింది.

"నలభై ఒకటో దాన్ని నేను. నన్నెవరూ అడగలేదు. ఆ ఉదయం వాడు ఏం తిన్నాడో దగ్గర్నుంచి చెప్తాను. రాసుకో."

కూతురు కలం పట్టుకోలేక తల్లి భుజం మీద వాలిపోయింది. తండ్రి కాసేపు ఆ ఇద్దర్నీ చూశాడు. తర్వాత బేకరీలోకి వెళ్లి, ఒక రొట్టె గుడ్డలో చుట్టుకుని వీధి దాటాడు.

దర్జీ అప్పుడే మిషనుకి నూనె వేస్తున్నాడు. ఇన్నేళ్లుగా రోజూ బేకరీకి వస్తాడు, రొట్టె తీసుకుంటాడు, వెళ్లిపోతాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

"అన్నా, ఆ రోజు మిగతాది రేపిస్తానన్నాను."

దర్జీ నూనె డబ్బా కింద పెట్టాడు. "నీ రేపు రావడానికి చాలా కాలం పట్టిందిరా," అన్నాడు. నవ్వలేదు.

రొట్టె అందుకుని గుడ్డ విప్పాడు. రొట్టె ఇంకా వేడిగానే ఉంది. బొటనవేలితో కొలిచినట్టు ఒక అంచు పట్టుకుని, పిడికెడు ముక్క తుంచుకున్నాడు. మిగిలిందంతా మళ్లీ గుడ్డలో చుట్టి బేకరీ ఆయన చేతుల్లో పెట్టాడు.

"నాకు రావలసింది ఇంతే," అని ఆ ముక్కని నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, నెమ్మదిగా నమిలాడు.