ఈశాన్యంలో ఉన్నవాళ్లు

"ఏవండీ, మీ వాన మీరు తీసుకెళ్లండి!"

సుమంత్ వెనక్కి తిరిగాడు. చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నిలబడి ఉంది ఒకమ్మాయి.

"నా వానేంటండి?"

"మీరు మట్టి తోలించి స్థలం మెరక చేశారు. నీళ్లన్నీ మా పెరట్లోకి వచ్చాయి. మా నాన్నగారు కాళ్లు కుర్చీలో పెట్టుకుని ఇడ్లీ తింటున్నారు."

"వాస్తు ప్రకారం నీళ్లు ఈశాన్యానికే పోవాలి కదండి..."

"ఈశాన్యంలో మేమున్నామండి!"

సుమంత్‌కి ఆమె వెనక నీళ్లు నిలిచిన పెరడు కనిపించింది. దిక్కులు పెట్టిన దేవుడు పక్కింటివాళ్లని మరిచిపోతాడా? మరిచిపోయింది మనమేనేమో.

ఆమె నాగజ్యోతి. చెరుకుపల్లిలో తండ్రి చలపతిరావు గారు, తను, అంతే. సుమంత్‌ది తెనాలిలో మెడికల్ షాపులో ఉద్యోగం. అమ్మానాన్నా లేరు. సాయంత్రం అద్దెగది తలుపు తీస్తే, పొద్దున తాగిన కాఫీ గ్లాసు పెట్టినచోటే ఉంటుంది. అందుకే సొంతిల్లు కట్టుకుందామని ఇక్కడ స్థలం కొన్నాడు. ఇల్లు కడితే మనుషులొస్తారా స్వామీ అని మాత్రం గుళ్లో అడగలేకపోయాడు.

పోసిన మట్టి వానలకి కుంగి గట్టిపడితే గానీ పునాది తియ్యకూడదు. అయినా ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చి, ఖాళీ స్థలంలో నిలబడేవాడు.

"మట్టికి తోడుగా వస్తున్నారా?" అంది నాగజ్యోతి ఒకరోజు.

"అదే నాకు తోడండి."

ఆమె నవ్వబోయి ఆగింది. "అమ్మ పోయాక మా ఇంట్లోనూ టీవీ ఒక్కటే మాట్లాడుతుంది."

మరుసటి ఆదివారం సుమంత్ మేస్త్రీ బాలస్వామిని తీసుకొచ్చి, ఆ ఈశాన్య మూల తన స్థలంలోనే రోడ్డు దాకా కాలువ తవ్వించాడు. పక్కింట్లోకి ఇక చుక్క పోదు.

"ఈశాన్యం తెగ్గొడుతున్నావు బాబూ," అన్నాడు బాలస్వామి. "ఇంట్లో ఆడమనిషి నిలవదంటారు."

"ఇప్పుడెవరున్నారు బాబాయ్, నిలవకపోవడానికి?"

నవ్వుతూనే అన్నాడు. అని, ఖాళీ స్థలం వైపు తిరిగాడు.

దండెం మీద బట్టలు ఆరేస్తున్న నాగజ్యోతి చెయ్యి ఆగింది. చినుకులు మొదలైనా లోపలికి వెళ్లలేదు.

"ఏవండీ, ప్రహరీ కట్టేటప్పుడు ఆ మూల చిన్న గేటు పెట్టించండి. కాలువ దాటడానికి రాతిపలక కూడా."

"ఎవరికండి?"

"ఆడమనిషి నిలవదన్నారుగా." ఆమె తడి తువ్వాలు వంకే చూస్తోంది. "పుట్టింటికి వెళ్లొస్తూ ఉండాలిగా మరి."

సుమంత్ వానలోనే కాలువ వెడల్పు అడుగులతో కొలవడం మొదలుపెట్టాడు.

లోపల టీవీ ఆగింది. చలపతిరావు గారి గొంతు వినిపించింది.

"పలక కాస్త వెడల్పుగా వేయించు నాయనా. నేనూ వస్తుంటాను."